అవోబెంజోన్ ఎండలో ఏమవుతుంది?

మొన్న క్రికెట్ ప్రాక్టీస్‌కి వెళ్లేముందు మా రూమ్మేట్ తన సన్‌స్క్రీన్ ట్యూబు తీసి చెత్తబుట్టలో పడేశాడు. "ఇందులో అవోబెంజోన్ ఉందిరా, రక్తంలోకి పోతుందంట" అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే ఓ రీల్ చూపించాడు. సాయంత్రానికి మెడ వెనక ఎర్రగా కందిపోయి, చొక్కా తగిలితే చాలు అబ్బా అంటున్నాడు.

రీల్‌లో ఉన్నది అబద్ధం కాదు, సగం నిజం. 2019లో అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు 24 మందికి 4 రోజులపాటు, రోజుకి 4 సార్లు, ఒంట్లో 75 శాతం మేర సన్‌స్క్రీన్ పూయించి రక్తం పరీక్షించారు. అవోబెంజోన్ మిల్లీలీటరుకి 0.5 నానోగ్రాముల గీత దాటింది. ఇంతకీ ఆ గీత ఏంటి? దానికి లోపల ఉంటే కొన్ని భద్రతా పరీక్షల నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు, దాటితే ఆ పరీక్షలు చేసి చూపించాలి. అంతేగానీ విషమని తేలినట్టు కాదు. సన్‌స్క్రీన్ మానేయమని ఆ అధ్యయనం కూడా అనలేదు.

నాకు గుబులు పుట్టించే సంగతి వేరే ఉంది. ఎండ నుంచి కాపాడాల్సిన ఈ అణువు ఎండకే తట్టుకోలేదు!

దీని పని యూవీఏ కిరణాల్ని ఆపడం. 357 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటుంది. ఇంటర్‌లో బట్టీ పట్టిన కీటో-ఈనాల్ టాటోమెరిజం గుర్తుందా? ఈనాల్ రూపంలో ఉన్నంతసేపే ఈ పని జరుగుతుంది. పీల్చిన శక్తిని వేడిగా వదిలేసి మళ్లీ డ్యూటీకి వస్తుంది. కానీ ఎండలో కొన్ని అణువులు కీటో రూపంలోకి జారి, అక్కడ ముక్కలైపోతాయి. అవి ఇక యూవీఏని ఆపలేవు.

అందుకే పక్కన ఆక్టోక్రిలీన్ కలుపుతారు. అదనపు శక్తిని అది లాక్కుని అవోబెంజోన్‌ని నిలబెడుతుంది. ఆక్టినాక్సేట్ అయితే రివర్స్: వెలుతురులో అవోబెంజోన్‌తోనే రియాక్టై రెండూ పాడవుతాయి. లేబుల్ మీద దీన్ని ఎథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ అని కూడా రాస్తారు, నోరు తిరిగితే చదువుకోండి.

ఎస్‌పీఎఫ్ నంబరు చూసి ఇదంతా తెలుసుకోలేం. అది ముఖ్యంగా చర్మాన్ని కందించే యూవీబీ లెక్క. యూవీఏ కోసం పీఏ పక్కన ఎన్ని ప్లస్‌లున్నాయో చూడాలి. కాలేజీ బస్సులో కిటికీ సీటు వాళ్లకి ఇది మరీ ముఖ్యం, మామూలు అద్దం యూవీబీని ఆపినంతగా యూవీఏని ఆపదు. పైగా ల్యాబ్‌లో ఎస్‌పీఎఫ్ కొలిచేది చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూసి. మనం బఠాణీ గింజంత పూసుకుని 50 వచ్చిందనుకుంటాం.

మావాడు ట్యూబు బుట్టలోంచి తీసి వెనకవైపు చదివాడు. ఆక్టోక్రిలీన్ ఉంది. 2 గంటలకోసారి మళ్లీ పూసుకోవాలి కాబట్టి రేపు డ్రింక్స్ బ్రేక్‌లో గుర్తు చేయమన్నాడు.