జమిడిక: తోలు, తీగ, కులం

పాత వాయిద్యం ఒకటి మన చేతికొస్తే ముందు ఏం చూడాలె, ఎట్లా రాసిపెట్టాలె? నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో పనిచేసే విద్యార్థులకు, కార్యకర్తలకు, పంతుళ్లకు పనికొస్తుందని బైండ్లవారి జమిడికను తీసుకొని ఈ వ్యాసం రాస్తున్నాం. ప్రభుత్వ ఎస్సీ జాబితాలో 'బిండ్ల' పేరుతో ఉన్న ఈ కులంవాళ్లు ఎల్లమ్మ కొలుపుల్లో పూజారులు, కథకులు, గాయకులు. ఊరి దేవతను పిలిచే గొంతు వాళ్లది. ఉండే జాగ మాత్రం ఊరి బయట. ఈ వైరుధ్యం వాయిద్యం ఒంటిమీద కూడా కనబడుతుంది. అందుకే జమిడిక స్థితిని రాసేటప్పుడు దాన్ని మోసిన మనుషుల స్థితిని కూడా రాయాలని మా వాదన. అది వదిలేస్తే మిగిలేది సగం రికార్డే.

తయారీ

జమిడికకు మూడు భాగాలు: బుర్ర, తోలు, తీగ. బుర్ర కర్రది గానీ ఇత్తడిది గానీ అయి ఉంటుంది. లోపల బోలుగా, చిన్న చెంబంత ఉంటుంది. ఒక మూతికి మేకతోలు బిగిస్తారు, రెండో మూతి తెరిచే ఉంటుంది. తోలు నడుమ చిన్న రంధ్రం చేసి, అందులోంచి నరాన్ని బుర్ర లోపలికి తీసి, తెరిచిన మూతి నుంచి బయటకు లాగుతారు. తీగ జారకుండా, తోలు చిరగకుండా తోలు బయటివైపు ముడి గానీ బిళ్ల గానీ అడ్డం ఉంటుంది. తీగ రెండో కొసకు చేతిపట్టుకు చిన్న ముక్క కడతారు.

బుర్రను ఎడమ చంకలో ఇరికించి, పట్టును ఎడమ పిడికిట్లో పట్టుకొని, కుడిచేత్తో తీగను మీటుతారు. పిడికిలి లాగితే తీగ బిగుస్తది, స్వరం పైకి పోతది. వదులు చేస్తే కిందికి దిగుతది. మెట్లు లేవు కాబట్టి స్వరం జారుతూ పోయి మనిషి మాటకు దగ్గరగా వినిపిస్తది. ఒక్క తీగతోనే తాళమూ శ్రుతీ రెండూ నడుస్తాయి. కర్ణాటక, మహారాష్ట్రల్లో ఎల్లమ్మ భక్తుల చౌడికె, ఉత్తరాంధ్ర జముకు కూడా ఈ కుటుంబంలోవే.

బుర్రను వడ్లాయన చెక్కి ఉండవచ్చు, కంచరాయన పోసి ఉండవచ్చు. దానికి గొంతొచ్చేది తోలు బిగించినంకనే. ఏ తోలు పలుచన, ఎంతసేపు నానాలె, ఎండలో ఎంత లాగాలె అన్నది తరాల నుంచి దళితుల చేతుల్లో పెరిగిన శాస్త్రం. దాన్ని శాస్త్రమని ఎవరూ అనలేదు, అంటుపని అన్నారు. అదే తోలు మృదంగం మీదికెక్కి కచేరీ వేదిక మీద కూసుంటే పవిత్రమైపోయింది. మృదంగం చేసేవాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులేనన్న సంగతి మీద గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది.

బ్యాంజో చెప్పే పాఠం

తోలు మీద తీగ పలికించే మరో వాయిద్యం అమెరికా బ్యాంజో. మన దగ్గర కవ్వాలీల్లో వినిపించే మీటల బెంజో వేరు. అది జపాన్ తైషోగోతో నుంచి వచ్చింది. అమెరికా బ్యాంజోను పుట్టించింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం. 1687లో జమైకాకు పోయిన హాన్స్ స్లోన్ అక్కడి బానిసల వాయిద్యాల బొమ్మలను 1707లో అచ్చేసిన పుస్తకంలో వేయించాడు. వాటిల్లో తోలు బిగించిన సొరకాయ బుర్ర, దానికి కర్ర మెడ కనిపిస్తాయి. 1840ల నాటికి తెల్లవాళ్లు మొఖానికి మసి పూసుకొని, నల్లవాళ్లను వెక్కిరించే ఆటల్లో దాన్ని వాయించారు. బాల్టిమోర్‌లో విలియం బౌచర్ అనే డప్పుల తయారీదారు బ్యాంజోలు చేసి అమ్మాడు. తర్వాత అది తెల్లవాళ్ల పల్లెపాటల వాయిద్యంగా స్థిరపడిపోయింది. 1970లలో డీనా ఎప్‌స్టీన్ పాత రాతలు వెదికి నల్లజాతి మూలాలను నిరూపించింది. 2005లో నార్త్ కరోలినాలోని బూన్‌లో నల్లజాతి బ్యాంజో కళాకారులు కూడి, మాది మాకేనని వాయించి చెప్పారు.

ఇప్పుడు పాత బ్యాంజో కొనేవాళ్లు తోలు అసలుదేనా, మెడ వంగిందా, చేసినవాడి ముద్ర ఉందా అని చూస్తారు. ముద్రను బట్టి ధర. బానిసలు చేసుకున్న సొరకాయ బ్యాంజోకు ముద్ర ఎక్కడిది? మన జమిడికకూ లేదు. ముద్ర లేదంటే చేసినవాళ్లు లేరని కాదు గదా! ఆ పేర్లు అడిగి రాయడం మన పని.

స్థితిని ఎట్లా చదవాలె

మొదట తోలు చూడండి. వానకాలం తేమ పీల్చి తోలు వదులైతది, అందుకే డప్పులాగా దీన్నీ సెగ చూపించి బిగిస్తారు. అంచున నల్లగా కమిలిన గుర్తులుంటే అది పాడుకావడం కాదు, వాడకం. నడుమ రంధ్రం సాగి ఉంటే ఆ వాయిద్యం చాలా రాత్రుళ్లు పలికిందన్నట్టు. తోలు కొత్తగా, బుర్ర పాతగా ఉంటే ఎప్పుడు, ఎవరు మార్చారో అడగండి. తోలు మారినంత మాత్రాన వాయిద్యం నకిలీ కాదు, తోలు మారుతుంటేనే అది బతికున్నట్టు.

తర్వాత తీగ. నరమా, నైలానా, ఉక్కా? నైలానో ఉక్కో ఉంటే 'సంప్రదాయం చెడింది' అని రాసి చేతులు దులుపుకోవద్దు. నరం ఎందుకు దొరకలేదో రాయండి. ఇత్తడి బుర్ర మీద సొట్టలు, అతుకులు, చంక రాపిడికి నునుపుదేలిన చోటు, అన్నీ కొలిచి రాయండి. ఎడమ పక్క అరిగిందా, కుడి పక్కా అన్నది కూడా వాయించిన మనిషి గురించి చెబుతుంది.

చెరకుకు కల్లం లేదు

వాయిద్యం అటకెక్కడానికి కారణం చెదలు కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కాలువ కింద చెరకు పరుచుకుంది. వరి పండితే కల్లం ఉండేది, కల్లం కాడ ఆశ్రిత కులాలకు ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. అది గౌరవం కాదు, హక్కూ పూర్తిగా కాదు, కానీ దాని మీద బతుకు నడిచింది. చెరకు చేను నుంచి నేరుగా బండెక్కి ఫ్యాక్టరీకి పోతది. దానికి కల్లం లేదు, బిల్లు ఉంటది. బిల్లులో జమిడికకు వాటా ఎక్కడిది? ఇప్పుడు వరికి కూడా హార్వెస్టర్ వచ్చి కల్లం పోయింది. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబర్‌లో లేఆఫ్‌తో మూతపడింది. ఫ్యాక్టరీ చరిత్ర రాసేవాళ్లు రైతును రాస్తారు, కార్మికుణ్ణి రాస్తారు. కల్లం కాడి కళాకారుణ్ణి రాయరు.

బోధన్ మండలం అమ్దాపూర్‌లో ఉండిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూశారు. చిందు భాగవతంలో ఆమె పేరు నిలిచింది. ఆమె ఆటకు మద్దెల కట్టిన చేతుల పేర్లు ఎక్కడ రాసిపెట్టాం?

చేయవలసింది

డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయం విద్యార్థులైనా, ఊరి బడి పంతులైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. వాయిద్యం కార్డు మీద 'జానపద వాయిద్యం' అని ఒక్క ముక్క రాసి ఆపొద్దు. కులం, కుటుంబం, ఊరు, తోలు బిగించినవాళ్లు, పాడిన కథ, వాళ్లు వాడే మాటలు అన్నీ ఉండాలె. పేర్లు వాళ్ల అనుమతితోనే అచ్చెయ్యాలె. శబ్దం రికార్డు చేయాలె. వాయించినవాళ్లకు ఆ రోజు కూలి కట్టివ్వాలె. మ్యూజియంకు పోయే ముందు మరమ్మతు అవసరమైతే ఆ ఇంటివాళ్లతోనే చేయించాలె. అట్లా చేయిస్తే తోలు బిగించే విద్య ఇంకో తరం చేతికి అందుతుంది, కొనుక్కొచ్చిన వస్తువుతో మాత్రం అది రాదు.