ఊరి పేరు మారింది, రికార్డు మారేదెప్పుడు? డేటాబేస్‌లలో ‘లేజీ మైగ్రేషన్’

2018 డిసెంబరు 30న అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపం ‘స్వరాజ్ ద్వీప్’గా, నీల్ ద్వీపం ‘షహీద్ ద్వీప్’గా మారాయి. 2024 సెప్టెంబరు 13న రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును ‘శ్రీ విజయపురం’గా మారుస్తున్నట్లు కేంద్రం ప్రకటించింది. ఊరి బోర్డు మార్చడానికి ఒక్క రోజు చాలు. కానీ కంప్యూటర్లలో పాత పేర్లతో ఉన్న చిరునామాల సంగతేమిటి?

పదం స్థానంలో పదం పెట్టడమే అయితే ఒక్క ఆదేశంతో పని పూర్తవుతుంది. రికార్డు రూపమే మారాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఉదాహరణకు, ఒక ఆసుపత్రి దగ్గర లక్ష మంది రోగుల వివరాలు ఉన్నాయనుకుందాం. ఇంతవరకు చిరునామా అంతా ఒకే వరుసలో ఉండేది. ఇకపై గ్రామం, ద్వీపం, పిన్‌కోడ్ విడివిడిగా ఉండాలి.

తెరిచినప్పుడే మార్పు

ఒక్కో రికార్డును మార్చడానికి 20 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, లక్ష రికార్డులకు సుమారు 33 నిమిషాలు కావాలి. అంతసేపు సేవలు ఆపితే ఓపీ కౌంటర్ దగ్గర క్యూ పెరిగిపోతుంది. దీనికి ప్రత్యామ్నాయమే లేజీ మైగ్రేషన్. పేరులో బద్ధకం ఉన్నా పద్ధతి తెలివైనదే.

ఇందులో ప్రతి రికార్డుకూ ఒక వెర్షన్ సంఖ్య ఉంటుంది. రోగి వచ్చినప్పుడు అప్లికేషన్ ఆ రికార్డును తెరిచి, సంఖ్య చూస్తుంది. ‘1’ అని ఉంటే కొత్త రూపంలోకి మార్చి, ‘2’ అని రాసి భద్రపరుస్తుంది. తర్వాతి సారి మార్చే పని ఉండదు. 33 నిమిషాల భారం లక్ష ముక్కలై, ఎవరికీ తెలియనంత చిన్నదవుతుంది. పాత చిరునామా అస్పష్టంగా ఉంటే, ఎదురుగా ఉన్న రోగినే అడిగి సరిచేయవచ్చు.

ద్వీపాలకు మరో ప్రయోజనం కూడా ఉంది. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా, ఇక్కడి ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదే ఆధారపడింది. అలాంటి సన్నటి దారిలో డేటా మొత్తాన్ని దూరంలోని కొత్త సర్వర్‌కు ఒకేసారి పంపితే మిగతా పనులకు దారి ఉండదు. అవసరమైన రికార్డునే ముందు పంపితే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

పాస్‌వర్డ్‌లకు ఇదే దారి

కొన్నిచోట్ల ఈ పద్ధతి తప్పనిసరి. భద్రత పాటించే వెబ్‌సైట్లు పాస్‌వర్డ్‌ను కాకుండా, దాని నుంచి లెక్కగట్టిన ‘హ్యాష్’ను దాచుకుంటాయి. హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టేందుకు నేరుగా మార్గం లేదు. కాబట్టి మరింత బలమైన హ్యాష్‌ను నేరుగా తయారుచేయాలంటే, వినియోగదారు మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆగాలి. ‘జాంగో’ అనే ప్రసిద్ధ వెబ్ సాఫ్ట్‌వేర్ లాగిన్ సమయంలో ఈ పనిని దానంతటదే చేస్తుంది.

తెరవని రికార్డుల మాటేమిటి?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. స్వరాజ్ ద్వీప్‌కు ఎన్ని టీకాలు పంపాలో తేల్చడానికి ‘ద్వీపం’ గడిలో వెతికితే, కొత్త రూపంలోకి మారినవారే లెక్కకు వస్తారు. ఏళ్లుగా ఆసుపత్రికి రానివారు జాబితాలో ఉండీ లేనట్టే. టీకాలు తక్కువ పడతాయి. అందుకే మార్పు పూర్తయ్యేదాకా ప్రతి వెతుకులాటా పాత రూపాన్నీ చూడాలి.

ఒకే రికార్డును ఇద్దరు ఒకేసారి తెరిస్తే, ఒకరు రాసినదాన్ని మరొకరు చెరిపేయకూడదు. ‘వెర్షన్ ఇంకా 1గా ఉంటేనే రాయి’ అనే షరతు పెడితే ఈ చిక్కు తప్పుతుంది.

పాత రూపాన్ని చదివే కోడ్‌ను ఎల్లకాలం మోయడమూ కష్టమే. కొన్ని నెలలయ్యాక మిగిలినవెన్నో లెక్కించి, రద్దీ లేని రాత్రివేళల్లో కొద్దికొద్దిగా మార్చేయాలి. వెర్షన్ 1 రికార్డులు సున్నా అని తేలాకే ఆ కోడ్‌ను తొలగించాలి. ముందే తొలగిస్తే, ఆరేళ్ల తర్వాత ఆసుపత్రికి వచ్చిన వృద్ధుడి రికార్డు తెరుచుకోదు. పనిని వాయిదా వేయవచ్చు కానీ, ముగింపు తేదీ లేకుండా మొదలుపెట్టకూడదు.