దత్తాంశముల వర్గవిభజనము

గణనయంత్రముల సాయమున సంఖ్యాశాస్త్రపు లెక్కలు చేయువారు మొదట నేర్వవలసిన పనులలో వర్గవిభజన మొకటి. దత్తాంశముల నన్నిటిని నొక్కరాశిగాఁ గొనక, ఏదేని లక్షణమునుబట్టి భాగములు చేసి, ప్రతిభాగమునకును వేఱుగ లెక్కకట్టి, వచ్చిన ఫలముల నొకచోఁ గూర్చుట యిందలి క్రమము. హ్యాడ్లీ విక్హామ్ 2011వ సంవత్సరమునఁ బ్రకటించిన వ్యాసములో దీనికి విభజనము, ప్రయోగము, సంయోగము అని యర్థమిచ్చు పేరు పెట్టెను.

ఆర్ అను గణనభాషలో స్ప్లిట్ అను ప్రమేయము రాశిని భాగములు చేయును. టీ-అప్లై అనునది విభజనమును, లెక్కను నొక్కమాఱే నెఱవేర్చును. ఎస్.పి.ఎస్.ఎస్.లో స్ప్లిట్ ఫైల్ అను నాజ్ఞ కలదు. దానిని మరల నుపసంహరించువఱకుఁ దరువాతి లెక్కలన్నియు వర్గములవారిగనే వచ్చును. అయితే వరుసలు ముందుగా నా లక్షణమునుబట్టి క్రమపఱుపఁబడి యుండవలెను. లేనిచో నొకే వర్గము పలుతునుకలై కనఁబడును.

విభజించుట యంత్రమునకు సులభమే. దేనినిబట్టి విభజింపవలెనను నిర్ణయము మాత్రము మనుష్యునిది. ఇందుకుఁ బ్రసిద్ధమైన యుదాహరణము, అమెరికాలో బర్కిలీ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1973లో నున్నతవిద్యకై జరిగిన ప్రవేశముల లెక్క. పెద్దవైన యాఱు శాఖల సంఖ్యలు ఆర్ తోడనే లభించుచున్నవి. వానిలో 2691 మంది పురుషులు దరఖాస్తు చేయఁగా 1198 మందికిని, 1835 మంది స్త్రీలు చేయఁగా 557 మందికిని బ్రవేశము దొరకెను. అనఁగా నూటికిఁ బురుషులకు 44.5, స్త్రీలకు 30.4. ఇంతమాత్రము చూచినవారు స్త్రీలకు శాఖలయం దన్యాయము జరిగెనని తలఁచుట సహజము.

శాఖలవారిగఁ జూడఁగా నీ తలఁపు నిలువదు. ఏ అను శాఖలో 825 మంది పురుషులలో 512 మంది, 108 మంది స్త్రీలలో 89 మంది చేరిరి. అనఁగా నూటికి 62, 82. ఆఱింటిలో నాలుగు శాఖలందు స్త్రీల వంతే యెక్కువ. తక్కిన రెంటఁ బురుషుల వంతు కొంచెము హెచ్చు. కారణ మేమనఁగా, ప్రవేశము సులభముగా దొరకిన ఏ, బి శాఖలకుఁ బురుషులలో 1385 మంది పోఁగా, స్త్రీలలో 133 మందియే పోయిరి. తక్కిన స్త్రీలందఱు ప్రవేశము దుర్లభమైన శాఖలనే కోరిరి. బికెల్, హామెల్, ఓకానెల్ అనువారు 1975లో నీ విషయమును సైన్స్ పత్రికలో వివరించిరి. ఇట్టి వైపరీత్యమును 1951లోఁ జర్చించిన సింప్సన్ పేరిట సింప్సన్ విరోధాభాస మందురు.

అయినను విభజనముతో విచారణ ముగియదు. ఈ లెక్క శాఖల పక్షపాతమును గూర్చి మాత్రమే చెప్పును. స్త్రీలు కష్టమైన శాఖలకే యేల పోయిరను ప్రశ్న మిగిలియే యున్నది. దానికిఁ గారణమును బూర్వపు శిక్షణమునందును, సాంఘికసంస్కారమునందును వెదకవలెనని యా వ్యాసకర్తలే సూచించిరి. మఱియు మితిమీఱి విభజించుటయుఁ దగదు. బి శాఖలో స్త్రీలు 25 మందియే. అందొక్కరి ఫలము మాఱిన నూటికి 4 వంతులు మాఱును.

తాళపత్రప్రతులలో నొక పదరూప మెన్నిమాఱులు వచ్చెనో లెక్కించువారికిని నిదియే నియమము. మొత్తపు సంఖ్యను నమ్మకమునుపు, ప్రతుల కాలమును, దేశమును వేఱుచేసి చూడవలెను. ఏ భేదము ఫలమును మార్పఁగలదో విషయ మెఱిఁగినవాఁడే చెప్పఁగలఁడు; యంత్రము చెప్పఁజాలదు.