శిశువుల చేతుల, పాదాల అచ్చులు

శిశువుల చేతుల, పాదాల అచ్చులు అనగా పసిబిడ్డ చేతిని గాని, పాదాన్ని గాని మెత్తని పదార్థంలో ముంచి అచ్చు తీసి, ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి తయారుచేసుకొనే జ్ఞాపికలు. సిరాతో కాగితంపైన, ఉప్పు కలిపిన పిండిముద్దపైన తీసే ముద్రలను కూడా ఈ కోవలోనే చేర్చుతారు. బిడ్డ పాదం మొదటి సంవత్సరంలో చాలా వేగంగా పెరుగుతుంది కనుక వీటిని సాధారణంగా తొలి నెలలలోనే తీస్తారు.

చరిత్ర

19వ శతాబ్దంలో విక్టోరియా మహారాణి తన బిడ్డల పసితనపు చేతులను, పాదాలను పాలరాతిలో చెక్కించింది. ఇవి ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోని ఆస్బోర్న్ హౌస్‌లో ఉన్నాయి. తెలుగువారి ఇళ్ళలో కృష్ణాష్టమినాడు గుమ్మం నుండి పూజగది వరకు బియ్యపుపిండితో చిన్ని పాదాలు వేసే ఆచారం ఉంది. అయితే వాటిని సాధారణంగా పెద్దవారే పిడికిలితో, వేలికొనలతో వేస్తారు. అవి బిడ్డ పాదముద్రలు కావు.

పదార్థాలు

అచ్చు తీయుటకు అనువైనది ఆల్జినేట్. గోధుమ రంగు సముద్రపు నాచు నుండి లభించే ఈ పొడిని దంతవైద్యులు పంటి అచ్చులకు వాడతారు. నీటిలో కలిపిన కొద్ది నిమిషాలలోనే ఇది రబ్బరు వలె గట్టిపడుతుంది. నీరు వెచ్చగా ఉంటే త్వరగాను, చల్లగా ఉంటే నిదానంగాను గడ్డకడుతుంది. పొడి లేచి బిడ్డ ముక్కులోనికి పోకుండా దానిని వేరే గదిలో కలపడం మంచిది.

ఉప్పు పిండిని ఒక పాలు ఉప్పు, రెండు పాళ్ళు మైదా, సుమారు ఒక పాలు నీటితో కలుపుతారు. ఇది చవక. కానీ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొంటుంది కనుక పూర్తిగా ఆరనిచ్చి వార్నిష్ పూయకపోతే వానాకాలంలో మెత్తబడి పాడవుతుంది. పెంపుడు కుక్కలకు అందనీయరాదు. ఆ ఉప్పు వాటికి ప్రాణాంతకం కాగలదు.

విధానం

పాలు త్రాగి నిద్రపోతున్న సమయం అనుకూలం. అరచేతిని తాకగానే బిడ్డ పిడికిలి బిగించడం సహజ ప్రతిచర్య. ఇది సుమారు అయిదారు నెలల వరకు ఉంటుంది. అందువలన చేతి కంటె పాదం అచ్చు సులభం. చేతి వెనుక భాగాన్ని మెల్లగా నిమిరితే వేళ్ళు విచ్చుకొంటాయి.

పాదాన్ని ఆల్జినేట్‌లో ఉంచి, గడ్డకట్టిన తరువాత నెమ్మదిగా వెలికి తీయాలి. ఆల్జినేట్ నీటిని కోల్పోయి కుంచించుకుపోతుంది కనుక ఆలస్యం చేయకుండా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. ఎల్లప్పుడూ నీటిలోనే పొడిని చల్లాలి. పొడిపై నీరు పోస్తే ఉండలు కడుతుంది. ముందుగా కొద్దిగా పోసి అచ్చును అటూ ఇటూ వంచితే వేళ్ళ కొసలలోని గాలిబుడగలు పోతాయి. చాలా బొమ్మలు చెడేది ఇక్కడే. ప్లాస్టర్ బాగా గట్టిపడిన పిదప అచ్చును ముక్కలుగా ఒలిచివేస్తారు. పోత పూర్తిగా ఆరుటకు కొన్ని రోజులు పడుతుంది. మిగిలిన ప్లాస్టర్‌ను సింకులో పోయరాదు. గొట్టంలోనే రాయిగా మారుతుంది.

ప్రమాదం

బిడ్డ చేతిని గాని, పాదాన్ని గాని ఎన్నడూ నేరుగా ప్లాస్టర్‌లో ముంచరాదు. జిప్సంను వేడిచేసి నీటిని తొలగించగా వచ్చిన ఈ పొడి, తిరిగి నీటితో కలిసేటపుడు వేడిని వెలువరిస్తుంది. ముద్ద మందంగా ఉంటే ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ వరకు చేరగలదు; అప్పటికే అది గట్టిపడి ఉండటం వలన చేతిని లాగుకొనే వీలుండదు. 2007లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక 16 ఏళ్ళ విద్యార్థిని పాఠశాలలో ఇలాగే చేతులు ముంచి వేళ్ళను చాలావరకు కోల్పోయింది. ఆ వయసు వారికే తప్పించుకోవడం సాధ్యం కానపుడు శిశువు సంగతి చెప్పనవసరం లేదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల చర్మం మిక్కిలి పలుచన. తడి పదార్థం వలన శరీరం త్వరగా చల్లబడుతుంది. వైద్యుల అనుమతి లేనిదే వీరికి అచ్చు తీయరాదు.

మరణించిన శిశువులు

బ్రిటన్, అమెరికా దేశాలలోని అనేక ఆసుపత్రులలో, మృతశిశువు జన్మించినపుడు తల్లిదండ్రులు కోరితే సిబ్బంది చేతి, పాదముద్రలు తీసి ఇస్తారు. ఇందుకు వారి సమ్మతి తప్పనిసరి. ఫోటోలు, ఆసుపత్రి చేతిపట్టీ తప్ప మరేమీ మిగలని ఆ కుటుంబాలకు ఈ ముద్ర ఆ బిడ్డ పుట్టిందనుటకు సాక్ష్యం.