పలుకు తెలియని లిపికి గుణింతం

క్రీట్ ద్వీపంలోని క్నోసోస్‌లో ఆర్థర్ ఎవాన్స్ 1900లో తవ్వి తీసిన మట్టి పలకల మీది రాత అర్ధ శతాబ్దం పాటు ఎవరికీ కొరుకుడు పడలేదు. 'లీనియర్ బి' అని పేరు పెట్టిన ఆ లిపిలో ఉన్నది గ్రీకు భాషేనని 1952 జులై 1న మైకేల్ వెంట్రిస్ బీబీసీ రేడియోలో ప్రకటించారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. వృత్తి ఆర్కిటెక్టు. చిన్ననాటి నుంచీ వెంటాడిన చిక్కుముడిని యువకుడొకడు విప్పేశాడన్న కథ సహజంగానే లోకమంతా తిరిగింది. ఆ లిపిని ఛేదించే దారి వేసిన ఆలిస్ కోబర్ అంతకు రెండేళ్ల ముందే, 1950 మేలో, 43 ఏళ్లకే చనిపోయారు. ఈ రంగంలోని నిపుణులు ఆమెను మరిచిపోలేదు. జనంలోకి వెళ్లిన కథలో మాత్రం చాలాకాలం ఆమెకు చోటు అంతంతమాత్రమే. విజ్ఞాన రంగాల్లో స్త్రీలు నష్టపోయింది తలుపులు మూసుకుని ఉన్నందువల్లేనని మనం తరచూ చెప్పుకుంటాం. అది నిజమే. కానీ తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాక కూడా మరో నష్టం కాచుకుని ఉంది. జాబితా రాయడం, వర్గీకరించడం, కొలవడం, పోల్చడం, గీయడం వంటి పనులను ఆలోచన కింద కాక సాయం కింద లెక్కగట్టారు. స్త్రీలకు ఎక్కువగా దక్కింది ఆ పనులే. నిజానికి జ్ఞానంలో పెద్ద భాగం తయారయ్యేది అక్కడే.

కోబర్ న్యూయార్క్‌లో హంగరీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1906లో పుట్టారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1932లో పీహెచ్‌డీ పొంది, బ్రూక్లిన్ కాలేజీలో లాటిన్, గ్రీకు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో ఈ లిపి మీద పనిచేశారు. దానిలో ఉన్నది ఏ భాషో తెలియదు కాబట్టి, భాషలు ఎన్ని రకాలుగా నడుస్తాయో తెలుసుకోవడానికి ఒక్కొక్కటే నేర్చుకుంటూ పోయారు. వాటిలో సంస్కృతమూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాగితం దొరకక, పాత గ్రీటింగ్ కార్డుల అట్టలనూ, వాడేసిన కరపత్రాల వెనుక వైపునూ చిన్న ముక్కలుగా కత్తిరించి వాటి మీద రాశారు. ఏ గుర్తు ఏ మాటలో ఏ స్థానంలో వచ్చింది, దాని ముందు ఏముంది, వెనుక ఏముంది అన్నది ప్రతి ముక్క మీదా నమోదయింది. అలాంటివి దాదాపు 1,80,000 పోగయ్యాయి. వాటిని ఖాళీ సిగరెట్ డబ్బాల్లో వరసగా పేర్చుకున్నారు. కంప్యూటరు లేని రోజుల్లో ఒక మనిషి చేత్తో తయారుచేసిన డేటాబేస్ ఇది. పైకి చూస్తే గుమాస్తా పనిలా కనిపిస్తుంది. అయితే ఏది నమోదు చేయాలో, దేనిని దేనితో పోల్చాలో ముందే నిర్ణయించుకోకపోతే లక్ష కార్డులు రాసినా ఒక్క సంగతీ తేలదు. ఆ నిర్ణయంలోనే సిద్ధాంతం ఉంది.

ఆ కార్డుల నుంచి ఆమె ఏం రాబట్టారో తెలుగు చదివేవారికి సులువుగానే బోధపడుతుంది. లీనియర్ బి కూడా దాదాపుగా మన లిపిలాగే ఒక్కో గుర్తుకు ఒక్కో అక్షరం చొప్పున నడిచే లిపి. రాముడు, రాముడి అన్న రూపాలను తీసుకోండి. చివరి అక్షరం ఒక్కటే మారింది. డు, డి రెండింటిలో ఉన్న హల్లు ఒకటే, అచ్చు వేరు. ఊరు, ఊరి అన్నప్పుడు రు, రి అదే వరసలో మారాయి. అంటే డు, రు ఒకే అచ్చును పంచుకుంటున్నాయి, డి, రి మరో అచ్చును. మన లిపిలో ఈ చుట్టరికం కంటికే కనిపిస్తుంది. లీనియర్ బిలో అలా కనిపించదు, ప్రతి గుర్తు ఆకారమూ వేరే. ఒక్క గుర్తును కూడా ఎలా పలకాలో తెలియకుండానే, మాటల చివర్లు మారే తీరును బట్టి, ఏ గుర్తులు ఒకే హల్లువి, ఏవి ఒకే అచ్చువి అన్నది కోబర్ తేల్చారు. ఆ భాషలో విభక్తుల వంటివి ఉన్నాయని, మాటలు మూడేసి రూపాల్లో కనిపిస్తున్నాయని 1940ల మధ్యలో వరసగా వచ్చిన వ్యాసాల్లో చూపించారు. 1948 నాటి వ్యాసంలో పది గుర్తులను అయిదు హల్లులు, రెండు అచ్చుల పట్టికగా అమర్చారు. పలుకు తెలియని లిపికి గుణింతం కట్టడమంటే ఇదే. వెంట్రిస్ తర్వాత పెంచుకుంటూ పోయింది ఇలాంటి పట్టికనే.

అయినా తాళం తీసింది వెంట్రిసే కదా అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. పట్టికలోని కొన్ని గుర్తులకు క్రీట్ ఊళ్ల పేర్లు అతుకుతాయేమోనని ఊహించి, క్నోసోస్, అమ్నిసోస్ వంటి పేర్లను పట్టుకున్న సాహసం ఆయనదే. కోబర్ అలాంటి ఊహకు ఒప్పుకునేవారు కారు. ఆధారం లేనిదే గుర్తుకు పలుకు ఇవ్వకూడదన్నది ఆమె నియమం. ఆమె బతికి ఉంటే తానే ఛేదించేవారా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఆ వాదనతో నాకు పనీ లేదు. నాకు ముఖ్యమైనది ఒకటి. ఆ ఊహ నిలబడిందో లేదో పరీక్షించగలిగింది పట్టిక ఉన్నందువల్లే. ఒక గుర్తుకు విలువ ఇస్తే పట్టికలో దాని వరసలోనివాటికి హల్లు, నిలువులోనివాటికి అచ్చు వాటంతట అవే వచ్చి పడతాయి. అప్పుడు వచ్చిన మాటలు అర్థవంతంగా ఉంటే ఊహ నిజం, లేకుంటే అబద్ధం. ఈ కట్టుబాటు లేని ఊహలు ఎంత దూరం పోతాయో సింధు లిపి విషయంలో మనకు తెలుసు. దాన్ని చదివేశామన్న ప్రకటనలు లెక్కలేనన్ని వచ్చాయి, ఒక్కటీ అందరి అంగీకారం పొందలేదు. కానీ 1977లో ఐరావతం మహదేవన్ ప్రచురించిన సింధు లిపి పదసూచిక, ఎవరి సిద్ధాంతం ఏదైనా అందరికీ పనికొస్తూనే ఉంది. ఇక వెంట్రిస్ చదివాక ఆ పలకల్లో బయటపడ్డవి కావ్యాలు కావు, కోటల లెక్కలు. గ్రీసులోని పైలోస్‌లో దొరికిన ఇదే లిపి పలకల్లో నూలు వడికేవారు, నేసేవారు, పిండి విసిరేవారు అంటూ వందలాది స్త్రీలు, వారి పిల్లలు లెక్కకు వచ్చారు. గ్రీకు కంచుయుగంలో స్త్రీల శ్రమ గురించి మనకున్న సాక్ష్యంలో ఈ పలకలది చాలా పెద్ద వాటా.

కోబర్ సమయం ఎటు పోయిందో కూడా చూడాలి. ఎవాన్స్ ప్రచురించకుండా వదిలేసి పోయిన పలకల పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో వృద్ధుడైన జాన్ మైర్స్ సిద్ధం చేస్తుంటే, దానిని ఒక దారికి తేవడానికి ఆమె సముద్రం దాటి వెళ్లి, చేతిరాతలు సరిదిద్ది, గుర్తులు సరిచూశారు. చివరి సంవత్సరాల్లో సొంత పరిశోధనకు దక్కవలసిన కాలంలో ఎంతో అటే వెళ్లింది. ఇంగ్లండులో పురావస్తువేత్త టెస్సా వీలర్ కథ కొంచెం వేరు, తీరు మాత్రం అదే. భర్త మార్టిమర్ వీలర్‌తో కలిసి ఆమె నడిపిన, రోమన్ల కాలపు నగరం వెరులేమియం తవ్వకాల్లో రోజువారీ నిర్వహణ, పొరల నమోదు, విద్యార్థులకు శిక్షణ చాలావరకు ఆమె చేతి మీదుగానే జరిగాయి. కాథ్లీన్ కెన్యన్ అక్కడే తర్ఫీదు పొంది, తర్వాత జెరికోలో ఆ పద్ధతికి మరింత మెరుగు పెట్టారు. టెస్సా 1936లో హఠాత్తుగా చనిపోయారు. మార్టిమర్ 1944లో మన పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, పొరపొరగా తవ్వి నమోదు చేసే ఆ పద్ధతినే మనవాళ్లకు నేర్పారు. అరికమేడు, బ్రహ్మగిరి తవ్వకాలు అలా జరిగినవే. దక్షిణాదిన బృహత్ శిలాయుగపు సమాధులకు కాలం కట్టడానికి దశాబ్దాలపాటు బ్రహ్మగిరి కుండపెంకుల వరసే ఆధారమైంది. ఆ వరస వెనుక టెస్సా చేయి కూడా ఉందని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. భార్యాభర్తలు కలిసి చేసిన పనిలో ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టమే. కష్టమైన ప్రతిసారీ మొత్తం ఒకరి ఖాతాలోకే వెళ్లడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

స్త్రీలు అలాంటి ఓపిక పనులనే ఇష్టపడి ఎంచుకున్నారన్న మాట కూడా వినిపిస్తుంటుంది. ఈ ధోరణిని అమెరికన్ పురావస్తువేత్త జోన్ గెరో 1985లో పరిశీలించి, తవ్వకం మగవారి పనిగా, ప్రయోగశాలలో పెంకులు సర్దడం ఆడవారి పనిగా చీలిపోవడాన్ని ఇంటిచాకిరీ విభజనతో పోల్చారు. ఆ విభజనలో ఇష్టం కంటే అనుమతి పాత్ర పెద్దది. సముద్రగర్భ పటాలు గీసిన మేరీ థార్ప్‌ను పరిశోధన ఓడలు చాలా ఏళ్లు ఎక్కనివ్వలేదు. ఓడల మీద మగవారు పంపిన లోతుల అంకెలను గదిలో కూర్చుని గీస్తూ, 1952లో అట్లాంటిక్ మధ్య పర్వతశ్రేణి నడినెత్తిన పొడుగునా ఒక చీలిక ఉందని ఆమె గుర్తించారు. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట దాన్ని ఆడపిల్లల కబుర్లంటూ కొట్టిపారేశారు. ఖండాలు కదులుతాయన్న సిద్ధాంతానికి బలమిచ్చిన ఆధారాల్లో ఆ చీలిక ఒకటి. అవకాశం దొరికిన చోట స్త్రీలు తవ్వకాలనూ నడిపారు. గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ 1929లో ఇద్దరు యువతులతో కలిసి ఆఫ్రికాలోని గ్రేట్ జింబాబ్వే రాతి ప్రాకారాల దగ్గర తవ్వకాలు జరిపారు. ఆ మహా ప్రాకారాలను ఆఫ్రికన్లు కట్టి ఉండరనీ, ఫినీషియన్లో షీబా రాణి మనుషులో కట్టారనీ వలసపాలకులు నమ్మిన రోజులవి. ఆమె గోడల వైభవాన్ని పక్కనపెట్టి, చెదరని నేలల కింద దొరికిన కుండపెంకులనూ, హిందూ మహాసముద్రపు వర్తకంలో వచ్చిన గాజుపూసలనూ వరసపెట్టి, అది ఆఫ్రికన్లు మధ్యయుగంలో కట్టినదేనని చూపారు. 1905లోనే పురావస్తువేత్త ర్యాండల్-మాకైవర్ చెప్పినదాన్ని ఆమె గట్టి సాక్ష్యంతో నిలబెట్టారు. పెంకులు సర్దే పని ఒక సామ్రాజ్యపు అబద్ధాన్ని ఎదిరించగలదని దీనికంటే బలంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇదంతా గతం, ఇప్పుడు కాలం మారిందనే వారికి కొంత ఒప్పుకోవాలి. కేంబ్రిడ్జ్ స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది 1948లో, అంటే పురావస్తువేత్త డొరతీ గారోడ్ అక్కడ ప్రొఫెసరైన తొమ్మిదేళ్లకు. అలాంటి విడ్డూరాలు ఇప్పుడు లేవు. మన పురావస్తు శాఖకు కూడా 1980ల మొదట్లో దేబలా మిత్రా రూపంలో తొలి మహిళా డైరెక్టర్ జనరల్ వచ్చారు. అయితే తవ్వకపు గుడారాల దగ్గర పరిస్థితి వేరు. క్షేత్ర పరిశోధనలు చేసే శాస్త్రవేత్తలపై 2014లో ప్రచురితమైన ఒక సర్వేలో పాల్గొన్న 666 మందిలో 64 శాతం లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామని చెప్పారు. వారు తమంతట తామే ముందుకొచ్చి జవాబిచ్చినవారు కాబట్టి ఆ శాతాన్ని అందరికీ వర్తింపజేయలేం. అయినా అంతమంది చెప్పిన దాన్ని పక్కన పెట్టడం కుదరదు. క్షేత్రం భద్రంగా లేకపోతే ఆడవాళ్లు మళ్లీ ప్రయోగశాలకే చేరుకుంటారు, దాన్నే మళ్లీ ఇష్టమని రాసుకుంటారు.

పేరు దక్కే విషయంలో ఈమధ్య ఒక మంచి మార్పు వచ్చింది. ఇప్పుడు చాలా పరిశోధన పత్రికలు వ్యాసంలో ఎవరు ఏ పని చేశారో పద్నాలుగు పాత్రలుగా విడదీసి చెప్పమంటున్నాయి, డేటాను సేకరించి సర్దడం కూడా వాటిలో ఉంది. కోబర్ కాలంలో ఇది ఉండి ఉంటే ఎంత మేలు! కానీ ఇది వ్యాసరచయితల దగ్గరే ఆగిపోతుంది. 1932లో పాలస్తీనాలోని టాబూన్ గుహలో గారోడ్ తవ్వకాలు జరుపుతుండగా, మట్టిలోంచి ఒక పన్నును గుర్తుపట్టి నియాండర్తల్ స్త్రీ పుర్రె బయటపడడానికి కారణమైనది స్థానిక గ్రామం నుంచి కూలికి వచ్చిన యుస్రా అనే యువతి. అక్కడ పనిచేసిన బ్రిటిష్ వారిలో ఒకరు ఆ సంగతి చెప్పుకున్నారు కాబట్టి ఆమె పేరు మిగిలింది. మన దేశపు తవ్వకాల్లో తట్టలు మోసే, మట్టి జల్లించే, పెంకులు కడిగే స్త్రీలలో ఎందరి చేయి, ఎందరి కన్ను ఏ వస్తువును కాపాడిందో నివేదికలు చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. ఒక్కో పెంకుకు అంకె వేసి, ఏ గుంతలో ఎంత లోతులో దొరికిందో రాసే పద్ధతి మనకు ఇప్పటికే ఉంది. ఆ చీటీ మీద దాన్ని తీసిన మనిషి పేరుకు ఒక గడి అదనంగా పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.