వయోజన పాఠశాలకు తావు

వయోజన పాఠశాలకు ఉపాధ్యాయుడు, వాచకము, పలకయు ఉన్నచో చాలునని తలంతుము. కాని నిన్నటివఱకు కూర్చుండిన వసారా నేడు లేకపోయినచో, అవి మూడును ఉండియు పాఠము సాగదు. తావు మాఱినప్పుడు బడికి రాక నిలిచిపోవువా రెవరో ముందుగా ఆలోచింపవలెను.

పిల్లల బడి రాత్రివేళ ఖాళీయే కదా యందుము. అచ్చటి బల్లలు పసివారి కొలతవి. వానిలో ఇముడజూచు నలువదియేండ్ల కూలివానికి సిగ్గే మిగులును. రచ్చబండ అందఱిదే, కాని పదిమంది పురుషుల యెదుట స్త్రీ అక్షరములు కూడబలుక వెనుదీయును. గుడి ముంగిటికి సంకోచము లేక రాగలవా రెవరో విచారింపవలెను. ధనికుని సావడి దొరకవచ్చును. ఆయనకు బాకీపడినవాడు, ప్రామిసరీ నోటు చదువ నేర్చుటకు ఆయన యింటికే పోవునా?

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు, పాఠముల నడుమ తమ యిండ్ల కష్టములు చెప్పుకొనిరి. దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతట వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమమునకు ఆ కూడికలు ఊతమయ్యెను. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను నిషేధించెను. నిర్భయముగా మాటలాడుకొను చోటే లేనిచో ఆ పాఠము పుస్తకముననే నిలిచియుండెడిది.

కావున అద్దెతోపాటు దూరమును, త్రోవలోని చీకటిని కూడ లెక్కింపవలెను. ఏ తావు తగునో చదువుకొనువారినే అడుగవలెను. కొత్తగా వచ్చిన అక్షరము వాడుక తప్పినచో మఱపున పడును. తావు కుదురువఱకు ఎవరి యరుగుమీదనైనను పాఠము మానరాదు.