గొంగళిపురుగుని గీసి చూడండి

సీతాకోకచిలుకని గీయమంటే పిల్లలు రెక్కలే గీస్తారు. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి గొంగళిపురుగు, గూడు, రెక్కలొచ్చిన పురుగు, అది తినే మొక్క, అన్నీ ఒకే బొమ్మలో చూపించారు. పురుగులు బురదలోంచి పుడతాయని చాలామంది నమ్మే రోజులవి. 13 ఏళ్ళకే పట్టుపురుగుల్ని పరిశీలించడం మొదలుపెట్టిన ఆవిడ, 52వ ఏట, 1699లో, చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని సురినాం ఓడెక్కారు. అదీ ఆ కాలంలో! అక్కడి పురుగుల మీద 60 చిత్రాల పుస్తకం 1705లో వచ్చింది.

ఇక్కడ న్యూజెర్సీలో మా పెరటి మిల్క్‌వీడ్ మీద చారల గొంగళిపురుగుని చూసి మా అమ్మాయి "యాక్" అంది. కాగితం, పెన్సిలు ఇచ్చి, నలుపు, తెలుపు, పసుపు చారలు వరసతప్పకుండా గీయమన్నాను. అరగంట కదల్లేదు. అది మోనార్క్ పిల్ల. మిల్క్‌వీడ్ ఆకు తప్ప మరోటి తినదు. ఆకు తుంచితే పాలు కారతాయని చెబితే మా అమ్మ ఫోనులో, "మన జిల్లేడులాగానా?" అంది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. మన ఊళ్ళో జిల్లేడు మీద పెరిగే నారింజరంగు సీతాకోకచిలుక కూడా మోనార్క్‌కి దగ్గర చుట్టమే. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకునే ఇవి పిట్టల నోటినుంచి తప్పించుకుంటాయి. లాన్‌మోవర్ నుంచి తప్పించుకోలేవు. గొంగళి దశ రెండు వారాలే కదా, ఈసారి గడ్డి కోసేముందు మిల్క్‌వీడ్ ఆకుల అడుగున ఓసారి చూడండి.